గోరుతో పోయేదానికి

మొత్తం ఆరు పేజీలు.
మేమెవరం, తేనె ఎక్కడ దొరుకుతుంది,
కొత్తవాళ్ళకి శనివారం పాఠాలు,
తేనె తీసే యంత్రం అద్దె, ఏడాది చందా.
ఆరోది,
మీ పెరట్లో తేనెటీగల దండు దిగితే
ఎవరికి ఫోన్ చెయ్యాలి.

ఆ ఆరో పేజీలో నంబరు గ్లిన్‌ది.
గ్లిన్ పోయి పద్నాలుగు నెలలు.
వెబ్‌సైటు కట్టింది ఆయనే
పాస్‌వర్డు ఎక్కడా రాసిపెట్టలేదు.

పోయిన మే నెలలో, లడ్లో ఊళ్ళో, కార్వ్ స్ట్రీట్‌లో
రొట్టెల కొట్టు బోర్డుకి దండు వేలాడింది
నల్లగా, కదిలే గుమ్మడికాయలా.
కొట్టులో పిల్ల పదకొండుసార్లు ఫోన్ చేసింది.
గ్లిన్ భార్య డిలిస్
సొరుగులో మోగుతున్న ఫోను వంకే చూస్తూ
టీ చల్లార్చుకుంది.
ఇన్నాళ్ళూ దానికి ఛార్జింగు ఆమే పెడుతోందని
మాకు తర్వాత తెలిసింది.

"నువ్వు కంప్యూటర్ల మనిషివి కదా ప్రసూనా"
అని సంఘం ఈ పని నా నెత్తిన పెట్టింది.
నాకున్నవి రెండే తేనెపెట్టెలు
అందులో ఒకటి ఖాళీ.
కాదనే మొహం లేదు.

మూడు వారాలు వెతికాను.
లోకమంతా వాడేది ముందు తెరిచాను.
ఇల్లు అలకగానే పండగ కాదు,
దానికి ఇరవై మూడు ప్లగిన్లు,
ప్రతి సోమవారం ఏదో ఒకటి అలిగి కూర్చుంటుంది.
బుజ్జగించకపోతే
ఎవడో దొంగ వచ్చి మా తేనె పేజీలో
చేతి గడియారాలు అమ్ముకుంటాడట.

ఇంకోటి చూడముచ్చటగా ఉంది.
బొమ్మని వేలితో లాగి ఎక్కడంటే అక్కడ పెట్టొచ్చు.
నెలనెలా అద్దె.
ఖాళీ చేసి పోతామంటే మాత్రం
తేనె మీదే, పట్టు మాది అంటుంది.

ఒప్పుకోవాలి, ఆ తర్వాత
నేనే ఒకటి రాయడం మొదలుపెట్టాను.
రాత్రి రెండింటిదాకా. ఎంత బాగా కుదిరిందో!
సభ్యులకి లాగిన్లు, పూల కాలానికి మ్యాపు,
తేనెపెట్టె బరువుకి గ్రాఫు.
మంచినీళ్ళకి లేచినప్పుడు తట్టింది,
దీన్ని నేను తప్ప ఎవరూ తెరవలేరు.
గ్లిన్ కూడా
తెలివైనవాడే.

గోరుతో పోయేదానికి గొడ్డలెందుకని
అంతా చెరిపేసి పడుకున్నాను.

చివరికి దొరికింది చాలా మామూలుది.
డేటాబేసు లేదు. ఒక ఫోల్డరు,
అందులో ఆరు ఫైళ్ళు, పేజీకొకటి.
రేపు ఈ సాఫ్ట్‌వేరే మూతపడినా
ఆ ఫైళ్ళు ఎవరైనా ఎక్కడైనా చదవొచ్చు,
కాగితం మీద రాసుకున్నంత తేటగా.

గురువారం లైబ్రరీలో పరీక్ష.
పరీక్ష నాకు, దానికి.
పెట్టింది సంఘం కార్యదర్శి ఎనిడ్ ప్రీస్, డెబ్బై తొమ్మిదేళ్ళు,
ఒంటి వేలితో టైపు చేస్తుంది,
ఆ వేలికి ఎంత కడిగినా పోని తేనెపెట్టె జిగురు.
సాయం చెయ్యకూడదని
నా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

కళ్ళజోడు మార్చింది.
'దండు' అని ఉన్న ఫైలు తనే పట్టుకుంది.
గ్లిన్ నంబరు
ఒక్కో అంకే, ఒక్కో అంకే చెరిపి
తన నంబరు పెట్టింది.
వేలు గాల్లో ఆగింది.
"పేరు కూడా తీసెయ్యాలా?"

నేను చూసిన ఏ సాఫ్ట్‌వేరులోనూ
దానికి బటన్ లేదు.

ఎనిడ్ కాసేపు కిటికీలోంచి వాన చూసింది.
తర్వాత నంబరు కింద మెల్లగా కొట్టింది,
'గ్లిన్ దగ్గర నేర్చుకున్నవాళ్ళు వస్తారు'.
ఒక అక్షరం తప్పు పోయింది.
నేను దిద్దలేదు.
సేవ్ నొక్కింది.
మొత్తం తొమ్మిది నిమిషాలు,
అందులో నాలుగు వానకే.

ఇక ఆ ఫోను మోగదు.
ఛార్జింగు పెట్టక్కర్లేదని
డిలిస్‌కి ఎవరో ఒకరు వెళ్ళి చెప్పాలి.
ఎవరు వెళ్ళాలన్నది
ఇంకా తేల్చుకోలేదు.